లీఫ్ కలర్ చార్ట్: యూరియా బస్తా విప్పే ముందు ఒకసారి

చూడ్డానికి ఇందులో ఏమీ లేదు. జానెడు పొడవు కూడా ఉండని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద వరసగా ఆరు గళ్లు. ఒకటో గడి వెలిసిన పసుపుపచ్చ, ఆరో గడి బాగా ముదిరిన పచ్చ, మధ్యలో కొంచెం కొంచెంగా ముదురుతూ పోయే రంగులు. గళ్ల మీద వరి ఆకు ఈనెలను పోలిన సన్నటి గీతలు. బ్యాటరీ లేదు, చార్జింగ్ లేదు, యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని గోల లేదు. దీని పేరు లీఫ్ కలర్ చార్ట్. వ్యవసాయ శాఖ వాళ్లు ఎల్‌సీసీ అంటారు. మా కయ్యల్లోకి పనికి వచ్చే వాళ్లు మాత్రం ‘పచ్చ కార్డు’ అని పేరు పెట్టేశారు. మొదట జపాన్‌లో పుట్టిన ఆలోచన. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని బాగుచేసి ఆసియా దేశాల రైతుల్లోకి తీసుకొచ్చింది. నాలుగు గళ్లవి కూడా ఉన్నాయి, నా దగ్గరున్నది ఆరు గళ్లది.

ఆన్‌లైన్‌లో తెప్పించాను. పోస్టు ఖర్చుతో కలిపినా ఒక యూరియా బస్తా ధర కంటే తక్కువే పడింది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు కదా, అంతకు లోపే అనుకోండి. నిరుడు పెద్ద పంటకీ, ఆ వెనకాల ఎండల్లో వేసే ఎడగారు పంటకీ వాడాను. అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను, అది చెప్పకపోతే రివ్యూ కాదు, ప్రకటన అవుతుంది.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. కనిగిరి రిజర్వాయర్ కాలువ కింద నాలుగెకరాల మాగాణి. నాన్న మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి కయ్యలు నేనే చూసుకుంటున్నాను. చదివింది బీఎస్సీ, బీజెడ్‌సీ గ్రూపు. కిరణజన్య సంయోగక్రియ మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే గానీ, ఆ వ్యాసానికీ మా కయ్యకీ ఉన్న సంబంధం ఇన్నేళ్లకు ఈ ప్లాస్టిక్ ముక్క పట్టుకున్నాకే బాగా అర్థమైంది.

మా వైపు యూరియా ఎలా వేస్తారో తెలిసినవాళ్లకు తెలుసు. నాట్లయిన ఇన్నాళ్లకి ఒక బస్తా, పిలకలకి ఒక బస్తా, లోపల వెన్ను తయారయ్యే చిరుపొట్టకి ఒక బస్తా. ఇది కాగితం మీద లెక్క. అసలు లెక్క పక్క కయ్యని బట్టి ఉంటుంది. పక్కాయన చేను ముదురుపచ్చగా నల్లబడితే మనది వెలవెలబోతున్నట్టు కనిపిస్తుంది. ‘వాళ్లది చూడు ఎంత నల్లగా ఉండాదో’ అని ఇంట్లో ఒక మాట వస్తుంది. సాయంత్రానికి బస్తా గట్టు మీద ఉంటుంది. చేను నల్లగా ఉంటే సంతోషం, లేతగా ఉంటే టెన్షన్. ఎంత నలుపు చాలు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఈ పట్టీ చేసే పనల్లా ఆ ప్రశ్నకు ఒక అంకె ఇవ్వడమే.

ఆ అంకె ఏం చెబుతుందో తెలియాలంటే ఆకు లోపల ఏం జరుగుతోందో కాస్త తెలియాలి. మా చిన్నాన్నతో నాకు రోజూ జరిగే వాదం ఇదే. ‘యూరియా ఏస్తేనే గదా పాపా గింజ’ అంటాడు ఆయన. యూరియానే బియ్యంగా మారుతుందన్నట్టు ఉంటుంది ఆ మాట. బియ్యంలో ఎక్కువ భాగం పిండి. పిండిలో ఉండేది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, అంతే. యూరియా ఇచ్చేది నత్రజని, దాని పరమాణువు ఒక్కటి కూడా పిండిలో ఉండదు. ఆ కార్బన్ గాలిలోంచి వస్తుంది, హైడ్రోజన్ నీళ్లలోంచి వస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకు నాలుగు పాళ్ల పైచిలుకే. ఆ కాస్తనే ఆకు తన సన్నటి రంధ్రాల గుండా లోపలికి లాక్కుని, వేరు పంపిన నీళ్లతో, ఎండ ఇచ్చిన శక్తితో చక్కెర చేస్తుంది. ఆ చక్కెరే తర్వాత గింజలో పిండి అవుతుంది, కాడలో గడ్డి అవుతుంది. మొక్క ఎండు బరువులో నూటికి తొంభై పాళ్ల పైన ఈ మూడు మూలకాలదే.

దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. వాన్ హెల్మంట్ అనే ఆయన 200 పౌన్ల ఎండుమట్టి తూచి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని ఆయన తేల్చాడు. అది సగమే నిజం, గాలి సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. వెలుతురు ఉంటేనే ఆకుపచ్చ భాగాలు ఈ పని చేస్తాయని ఇంగెన్‌హౌజ్ 1779లో చూపించేదాకా ఇంకో నూరేళ్ల పైన పట్టింది. నాకు మాత్రం ఆ రెండు ఔన్సుల మీదే కన్ను. చెట్టు బరువు ముందు లెక్కలోకి రాని ఆ రెండు ఔన్సులు లేకపోతే చెట్టే లేదు. మనం బస్తాల్లో కొనే ఎరువంతా ఆ రెండు ఔన్సుల తాలూకు బాపతే.

చిన్నాన్నకి నేను చెప్పింది ఇది: అన్నం వండాలంటే బియ్యం, నీళ్లు కావాలి, పొయ్యి కూడా కావాలి. నత్రజని బియ్యం కాదు, పొయ్యి. ఆకులో పచ్చదనాన్ని ఇచ్చే పత్రహరితం ఉంది కదా, దాని నడిమధ్యన ఒక మెగ్నీషియం పరమాణువు, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు. ఎండను పట్టేది అదే. అసలు ఖర్చు అక్కడ కాదు. గాలిలోని కార్బన్‌ను పట్టుకుని చక్కెరలోకి చేర్చే ఎంజైము ఒకటుంది, రుబిస్కో. అది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. అందుకని ఆకు దాన్ని పెద్దఎత్తున తయారుచేసి పెట్టుకోవాలి. ఎంజైము అంటే ప్రోటీన్, ప్రోటీన్ అంటే నత్రజని. వరి ఆకులో ఉన్న నత్రజనిలో దాదాపు ముప్పావు భాగం ఈ వంట జరిగే పచ్చ రేణువుల్లోనే ఉంటుంది. అందుకే ఆకు రంగు చూసి లోపల నత్రజని ఎంతుందో అంచనా కట్టొచ్చు. కార్డు వెనక ఉన్న శాస్త్రం ఇంతే.

పొయ్యి చాలకపోతే వంట ఆగుతుంది, నిజమే. ఉన్న బియ్యానికి మించి పొయ్యిలు పెడితే? చిన్నాన్న నవ్వాడు గానీ బస్తా మాత్రం విప్పాడు. సరే, వాడుక సంగతికి వస్తాను.

నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టాలి. అంతకు ముందు చూసి ప్రయోజనం లేదు. నారు పీకినప్పుడు వేర్లు తెగుతాయి, మూన తిరిగి కొత్త వేరు పడేదాకా మొక్క ఏమీ పెద్దగా పీల్చుకోలేదు. పోషకాలను లాగడానికి వేరుకు శక్తి కావాలి, ఆ శక్తి ఆకు పంపే చక్కెర నుంచి రావాలి. అప్పటికి ఆకులూ లేతవే. ఆ వారంలో ఆకు పసుపుగా ఉందని కంగారుపడి చల్లిన యూరియా చాలావరకు నీళ్లపాలు, గాలిపాలు. ఇది పట్టీతో వచ్చిన కాగితంలో ఒక్క వాక్యంలో ఉంది, కారణం రాయలేదు. కారణం తెలిస్తేనే గదా మనిషి ఆగేది.

అక్కడి నుంచి వారం పది రోజులకోసారి, తొలి ఈనిక, అంటే వెన్ను బయటికి రావడం కనిపించేదాకా. ఉదయం ఎనిమిది, పది మధ్య. కయ్యలో అడ్డదిడ్డంగా నడుస్తూ గట్టు పక్క వరసలు వదిలేసి పది దుబ్బులు ఎంచుకోవాలి. ఒక్కో దుబ్బులో పైనున్న ఆకుల్లో పూర్తిగా విచ్చుకున్న ఆకు ఒకటి చూడాలి. సుడిలో చుట్టుకుని ఉన్న కొత్తాకు కాదు, దాని కింద ఉన్నది. దాన్ని తెంపకూడదు. ఆకు నడిమి భాగాన్ని గళ్ల మీద ఆనించి, ఏ గడి రంగుకు కలుస్తుందో చూడాలి. ఎండ నేరుగా పడితే అంతా లేతగా కనిపిస్తుంది కాబట్టి, సూర్యుడికి వీపు పెట్టి మన నీడ ఆకు మీద పడేలా నిలబడాలి. రెండు గళ్ల మధ్యలో ఉంటే మూడున్నర అనో నాలుగున్నర అనో రాసుకోవచ్చు. పది ఆకుల్లో ఆరు, అంతకంటే ఎక్కువ నాలుగో గడి కంటే లేతగా ఉంటేనే ఎకరాకు 22 నుంచి 25 కిలోల యూరియా. లేకపోతే ఇంటికి పోయి కాఫీ తాగడమే. నాటిన మామూలు రకాలకు నాలుగో గడే హద్దు. వెదజల్లిన వరికి, కొన్ని తక్కువ నత్రజని చాలే రకాలకు మూడు.

డిసెంబరు పొద్దున మంచు విషయం ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఆకు తడిగా ఉంటే ఒక గడి ముదురుగా కనిపిస్తుంది. చీర కొంగుతో మెల్లగా తుడిచి చూడాలి. గట్టిగా లాగితే ఆకు అంచు వేలు కోస్తుంది, ఆ అంచులో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది మరి. మొదటిరోజు నేను వంగి ఒక్కో ఆకు తుడిచి కార్డు ఆనిస్తుంటే కలుపు తీసే ఆడవాళ్లు పని ఆపి చూశారు. ‘ఏంది పాపా, ఆకులకి జాతకం చూస్తుండావా?’ అంది మా మేస్త్రమ్మ. ఇప్పుడు జాతకం ఆవిడే చూస్తోంది. నాకంటే ఆవిడ కన్ను నయం. మూడుకూ నాలుగుకూ మధ్య తేడా నేను తేల్చుకునేలోపు ఆవిడ పదో దుబ్బు దగ్గర ఉంటుంది. ఒక్క నియమం ఉంది: ఒక పంటకి మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చూడాలి. మనిషి మారితే కన్ను మారుతుంది, లెక్క మారుతుంది.

ఫలితం. మాది ఎన్‌ఎల్‌ఆర్ 34449, నెల్లూరు పరిశోధన స్థానం రకం. పిలకల దశలో కాగితం ప్రకారం బస్తా వేయాల్సిన వారం కార్డు పెడితే పదిలో ఏడు ఆకులు నాలుగో గడికి తగ్గలేదు. ఆగాను. ఇంట్లో ఆ వారం సణుగుడు బాగానే నడిచింది. ఆ తర్వాతి విడత చూసినప్పుడు రంగు దిగింది, అప్పుడు అర బస్తా వేశాం. చిరుపొట్ట దశలో మళ్లీ అర బస్తా. మొత్తమ్మీద పంట అయ్యేసరికి ఎకరాకు ఒక బస్తా పైన మిగిలింది. దిగుబడి పెరిగిందని చెప్పను. తగ్గలేదు. చుట్టుపక్కల వాళ్లకెంతో మాకూ అంతే.

అయినా నేను లాభం అని లెక్కేసుకునేది బస్తా డబ్బులు కాదు. మనకు పెద్ద పంట పెరిగే కాలం ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ఎండ ముఖం కనిపించదు. ఎండ లేకపోతే ఆకు చక్కెర చేయలేదు. అప్పుడు కూడా వేరు నత్రజనిని పంపుతూనే ఉంటుంది. దాన్ని ప్రోటీన్‌గా మార్చడానికి కావాల్సిన చక్కెర సరుకు లేక, అది ఆకులో చిన్నచిన్న ముక్కలుగా, అమైనో ఆమ్లాలుగా ఉండిపోతుంది. ఆకు నల్లగా, మెత్తగా, వాలిపోయి ఉంటుంది. మన కళ్లకు ఏపుగా ఉన్నట్టు కనిపించే ఆ ఆకే అగ్గి తెగులుకూ, తర్వాత పైరు రసం పీల్చే సుడిదోమకూ విందు. ముసురు పట్టిన వారంలో కార్డు అయిదు చూపిస్తుంటే బస్తా ముట్టుకోకుండా ఉండగలిగాం. నల్లగా ఉందని మురిసిపోకుండా, ఇది ఎక్కువ అని అనుకోవడం మా ఇంట్లో మొదటిసారి. 34449 అగ్గి తెగులును బాగానే తట్టుకుంటుంది. బీపీటీ 5204 (సాంబ మసూరి) వేసేవాళ్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

ఎడగారులో కథ వేరు. ఎండకేం కరువు లేదు, పైరు దాన్ని వాడుకుంటుంది, ఆకు రంగు త్వరగా దిగుతుంది. కార్డు ఎక్కువసార్లు ‘వెయ్యి’ అంది. వేశాం. కానీ ఇక్కడ ఇంకో మెలిక. కయ్య నీళ్లలో పాచి ఉంటుంది కదా, అదీ ఎండలో కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది, నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. దాంతో మధ్యాహ్నానికి నీళ్ల క్షార గుణం పెరుగుతుంది. యూరియా నీళ్లలో అమోనియంగా మారుతుంది, ఆ క్షారపు నీళ్లలో అది అమోనియా వాయువై లేచిపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం నిండు నీళ్లలో యూరియా చల్లడం అంటే ఆకాశానికి ఎరువు వేసినట్టే. నీళ్లు పలచన చేసి, పొద్దు వాలాక చల్లి, ఒకటి రెండు రోజులకు మళ్లీ నీళ్లు పెడుతున్నాం. వేపపూత యూరియా వచ్చాక కొంత నష్టం తగ్గిందంటారు, నిజమే, ఆ పూత అమోనియం నుంచి నైట్రేట్ తయారవడాన్ని నెమ్మదింపజేస్తుంది. గాలిలోకి పోయే అమోనియాను మాత్రం అది ఆపదు. కార్డు ఎప్పుడు వేయాలో చెబుతుంది గానీ ఎలా వేయాలో చెప్పదు. ఇది కూడా ఆ కాగితంలో ఉంటే బాగుండేది.

ఇక మార్కు ఎక్కడ తగ్గిందో చెప్పే పని.

ఈ కార్డుకు తెలిసింది ఒక్కటే పాఠం. ఆకు లేతగా ఉంటే నత్రజని లేదంటుంది. ఆకు లేతబడటానికి కారణాలు అర డజను. కాలువ చివర పల్లంలో మాకొక కయ్య ఉంది, ఎప్పుడూ నీళ్లు నిలిచే చోటు. నాటిన మూడో వారంలో అక్కడ కార్డు పెడితే గట్టిగా మూడు. పట్టీ మాట వింటే యూరియా వేయాలి. కానీ ఆకుని కాసేపు అలాగే పట్టుకుని చూస్తే, మధ్య ఈనె మొదట్లో తెల్లగా పాలిపోయి ఉంది. కింది ఆకుల మీద చివరి వైపు, ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలు. దుబ్బు గిడసబారి ఉంది. అది జింకు లోపం. ఎప్పుడూ నీళ్లు నిలిచి గాలాడని నేలలో, భాస్వరం ఎక్కువ వేసిన చోట ఉన్న జింకు కూడా మొక్కకు అందకుండా పోతుంది. అక్కడ ఎన్ని బస్తాల యూరియా గుమ్మరించినా పచ్చబడదు. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు, అయిదు రోజుల ఎడంలో రెండుమూడుసార్లు పిచికారీ చేస్తే పైరు తిప్పుకుంది. ఏది తక్కువో పంట దాని దగ్గరే ఆగుతుంది, మిగతావి ఎంత పోసినా లాభం లేదని 19వ శతాబ్దంలోనే లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారం చేసి పెట్టాడు. మన దగ్గర మాత్రం ఏది తక్కువైనా మందు యూరియానే.

కాబట్టి కార్డు పెట్టే ముందు ఆకు ఎక్కడ పసుపుబారిందో చూడండి. నత్రజనిని మొక్క ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుకోగలదు. చాలనప్పుడు కింది ముసలి ఆకుల్లోంచి పీకి పైన కొత్తాకులకు పంపుతుంది. అందుకే నత్రజని లోపం కింద నుంచి పైకి వస్తుంది. ఇనుము అలా కదలదు, గంధకం కూడా పెద్దగా కదలదు. వాటి లోపం కొత్తాకుల మీద మొదలవుతుంది. మెట్ట నారుమడిలో లేతాకులు తెల్లగా వస్తే అది ఇనుము కథ. కార్డు పైఆకునే చూడమంటుంది కాబట్టి ఈ రెండింటికీ తేడా తెలియకుండా ‘మూడు’ అని చెప్పేస్తుంది. భాస్వరం గురించి దానికి తెలియదు. పొటాష్ గురించి అసలే తెలియదు. ఆకు రంధ్రాలు తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా పొటాషియం ఉండాలి. అది చాలకపోతే గాలి లోపలికి వచ్చే దారే సరిగ్గా పనిచేయదు, అప్పుడు ఆకు ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం? వీటికి మట్టి పరీక్షే దారి. భూసార కార్డులో 12 అంశాలు ఇస్తారు, జింకు, ఇనుము, గంధకం అన్నీ ఉంటాయి. అది పంటకు ముందు చూసుకోవాల్సింది, ఇది పంటలో చూసుకోవాల్సింది. ఒకటి ఉందని ఇంకోటి మానకూడదు.

రెండో ఫిర్యాదు తయారీ మీద. నాది వచ్చినప్పుడు రంగులు బాగున్నాయి. మేస్త్రమ్మ గట్టు మీద ఎండలో పెట్టి మరిచిపోయిన పూటల వల్లో ఏమో, ఎడగారు చివరికి మూడో గడి, నాలుగో గడి దగ్గరికొచ్చేశాయి. రంగు కొలిచే వస్తువు రంగే వెలిస్తే ఇంక దేనికి? తెలిసినవాళ్ల దగ్గర ఇంకో చోట కొన్న కార్డు పక్కన పెట్టి చూస్తే రెండిట్లో నాలుగో గడి ఒకటి కాదు. తక్కువకు దొరుకుతోందని ఎక్కడపడితే అక్కడ కొనకండి. కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లనో, పరిశోధన స్థానం వాళ్లనో అడిగి వాళ్లు చెప్పింది కొనుక్కోండి. కొన్నాక కవర్లో వేసి నీడలో ఉంచండి. ఎరుపు, పచ్చ తేడా కంటికి ఆనని వాళ్లుంటే ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పడం మేలు.

దీనికి పోటీ ఏముంది అని అడుగుతారు. ఎస్‌పీఏడీ మీటరు అని ఒకటుంది, ఆకుని దాని నోట్లో పెట్టి నొక్కితే అంకె చెబుతుంది. అది పరిశోధకుల చేతుల్లో ఉండే యంత్రం, ధర చూసి నేను వెబ్‌సైటు మూసేశాను. ఇక ఎరువుల కొట్లలో అమ్మే ఆకుపచ్చ టానిక్కులు. పేరెందుకు గానీ, మేం ఎప్పుడూ పోయే కొట్టులో కార్డు గురించి చెబితే ఆయన సీసా ఒకటి తీసి, ‘మేడం, ఇది కొట్టండి, మూడు రోజుల్లో నల్లబడకపోతే అడగండి’ అన్నాడు. ఇందులో ఏముందయ్యా అంటే సీసా తిప్పి చూపించాడు. లేబుల్ మీద మూలకాల శాతాలు లేవు. మొక్కల పెరుగుదలకు తోడ్పడే ప్రకృతి సారం అని మాత్రం ఉంది. ఏముందో చెప్పని సీసాకి ఏడెనిమిది వందలు పెట్టేకంటే, ఏముందో తెలిసిన జింకు సల్ఫేటు పొట్లం కొనుక్కోవడం నయం. మొక్కకు అవసరమని తేలిన మూలకాలు 17. అందులో మూడు గాలి, నీళ్లు ఇస్తాయి. మిగతా పద్నాలుగులో ఏది తక్కువో తెలియకుండా కొట్టే మందు ఆకుని నల్లబరిస్తే మాత్రం ఏం లాభం?

పోటాకు, అంటే వెన్నుకు ఆనుకుని చివరగా వచ్చే ఆకు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను, ఎందుకంటే కార్డు వాడటం ఎప్పుడు ఆపాలన్నదీ ఒక ప్రశ్నే. ఈనిక మొదలయ్యాక పైన ఉన్న రెండు మూడు ఆకులే గింజకు పాలు పంపేది. గింజలోకి చేరే పిండిలో ఎక్కువ వాటా పూత తర్వాత ఈ ఆకులు చేసిందే, కొంత కాడలో ముందుగా దాచుకున్నది. ఆ దశలో ఆకులు పచ్చగా ఉండాలని ఆశపడి కొందరు ఈనిక తర్వాత కూడా యూరియా విసురుతారు. కార్డు కాగితం తొలి ఈనికతో ఆపేయమంటుంది. గింజ పాలు పోసుకునేటప్పుడు కింది ఆకులు పసుపుబారి, వాటిలోని నత్రజని గింజలోకి పోవడం మొక్క చేసుకునే మామూలు ఏర్పాటు. ఒక పుట్టి, అంటే 850 కిలోల ధాన్యం పండటానికి పైరు మొత్తం మీద తీసుకునే నత్రజని సుమారు 13 నుంచి 17 కిలోలు. అందులో ఎక్కువ భాగం అప్పటికే మొక్కలో చేరిపోయి ఉంటుంది. మా నాన్న ఈ లెక్క విని, ‘అయితే చివరన చల్లేదంతా గడ్డికేనా’ అన్నాడు. గడ్డికీ, తెగుళ్లకీ అన్నాను.

ఎవరు కొనొచ్చంటే, వరి వేసే ఎవరైనా, ముఖ్యంగా కౌలుకు చేస్తూ బస్తా బస్తాకీ అప్పు రాసుకునేవాళ్లు. నిమ్మ, వేరుశనగ వేసేవాళ్లకు ఇది పనికిరాదు, ఈ గళ్లు వరి ఆకుకు సరిపెట్టినవి. కొన్నాక మొదటి పంటలో పొలమంతా దీని మీద వదిలేయకుండా ఒక కయ్యలో వాడి, పక్క కయ్యలో మామూలుగా చేసుకుంటూ పోండి. నమ్మకం మీకే వస్తుంది, లేకపోతే పోతుంది.

తయారుచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే మూడు పనులు చేయండి. వాడే పద్ధతి తెలుగులో పట్టీ వెనకే అచ్చు వేయండి, విడి కాగితం మొదటి వారంలోనే పోతుంది. జింకు, ఇనుము లోపం ఆకు బొమ్మలు రెండు ఆ పక్కనే పెట్టండి. చివర ఒక చిల్లు పెట్టి తాడు కట్టుకునేలా ఇవ్వండి, మేస్త్రమ్మ మెడలో వేసుకుని తిరుగుతుంది, ఎండలో గట్టు మీద వదిలేయదు.